అప్‌డేట్: స్కానింగ్‌లన్నీ నార్మల్, పొత్తికడుపు నొప్పి మాత్రం తగ్గట్లేదు అన్నాను కదా

2 ఏళ్లుగా పొత్తికడుపులో నొప్పి, స్కానింగ్‌లు నార్మల్, "పిల్లలు పుడితే అదే పోతుంది" అంటున్నారు, ఏం చేయను అని అడిగాను గుర్తుందా? వేరే గైనకాలజిస్టుకి చూపించుకోమన్న అక్కలందరికీ థాంక్స్. చూపించుకున్నా.

ఆవిడ మొదటిసారే అరగంట కూర్చోబెట్టి అన్నీ అడిగారు. మోషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పి ఉంటుందా, కలిసినప్పుడు ఉంటుందా, నిద్ర పడుతోందా అని. నిద్ర మాట ఎత్తగానే ఏడ్చేశాను. అంతవరకూ ఎవరూ అడగలేదు మరి.

లాపరోస్కోపీలో (పొట్టకి చిన్న గాటు పెట్టి కెమెరాతో లోపల చూడటం) ఎండోమెట్రియోసిస్ అని తేలింది. గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరగడమన్నమాట. పైపైన ఉండేవి మామూలు అల్ట్రాసౌండ్‌లో కనబడకపోవచ్చట. అంటే నా నొప్పి నేను ఊహించుకున్నది కాదు! మా అత్తయ్యకి రిపోర్టు చూపించి మరీ చెప్పాను.

ఇప్పుడు రోజూ డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్ర, 2 మి.గ్రా. మొదట్లో మధ్యమధ్య బ్లీడింగ్ అయి విసిగించింది. నాకైతే ఫిజియోథెరపీయే ఎక్కువ పనిచేసిందనిపిస్తోంది. నొప్పికి భయపడి ఇన్నాళ్లూ కటి కండరాలు (పొత్తికడుపు అడుగున ఉండేవి) బిగబట్టేశానట. యూట్యూబ్ చూసి చేసిన కెగెల్ వ్యాయామాలు వాటిని ఇంకా బిగించాయట (నా తెలివి!). ఇప్పుడు వదులు చేయడం నేర్చుకుంటున్నా.

నొప్పి పూర్తిగా పోలేదు. నెలలో నాలుగైదు రోజులు వేడినీళ్ల బ్యాగే దిక్కు. కానీ మొన్న చెల్లి పెళ్లిలో, అర్ధరాత్రి ముహూర్తానికి, తెల్లారేదాకా మండపంలోనే కూర్చున్నాను.