రిటైరయ్యాం, మోకాళ్ల నొప్పులతో ఎక్కడికి పోవచ్చు?

కడప మాస్టారు: పిల్లలు బెంగళూరులో, ఇంట్లో ఇద్దరమే, టీవీ చూసి చూసి విసుగొచ్చింది. పొద్దున పోయి రాత్రికి వచ్చేసేలా చోట్లు చెప్పండి. మా ఆవిడకు మెట్లంటే భయం.

జమ్మలమడుగు అబ్బాయి: చలికాలంలో గండికోట పోండి సార్. కోటలో మాధవరాయస్వామి గుడి, జుమ్మా మసీదు చూసి పెన్నా లోయ దగ్గరికి పోవచ్చు, కానీ ఆ అంచు రాళ్ల మీదికి మాత్రం అమ్మను ఎక్కించొద్దు. బెలూం గుహలు వద్దే వద్దు, లోపల ఒకటే ఉక్క, పైగా మెట్లు.

హిందూపురం అక్క: ముందు ఒంటిమిట్ట కోదండరాముడి గుడికి పోండి, మీకు పక్కనే కదా. 60 దాటినవాళ్లకు ఆర్టీసీలో 25 శాతం రాయితీ ఉంది, ఆధార్ తీసుకెళ్లండి. పిల్లల దగ్గరికి వెళ్లినప్పుడు అందరూ కలిసి కార్లో లేపాక్షి రండి. మా అమ్మ అక్కడి స్తంభాల మీది డిజైన్లు నోట్‌బుక్‌లో గీసుకొచ్చి చీరల మీద కుడుతోంది, ఇప్పుడు సీరియళ్లు కూడా మానేసింది!

కడప మాస్టారు: ఆదివారం ఒంటిమిట్ట ఖాయం తల్లీ. గండికోటకు అన్నం కట్టుకుపోవాలా బాబూ, అక్కడే దొరుకుతుందా?

జమ్మలమడుగు అబ్బాయి: దొరుకుతుంది, అయినా చిత్రాన్నం కట్టుకోండి సార్.