యాట కోయడానికి షెడ్డులో చైన్ పుల్లీ అవసరమా, వేపకొమ్మ చాలా?

దేవరకొండ రైతు:
మా బావమరిది అమెరికాలో, మిషిగన్‌లో ఉంటాడు. అక్కడ నవంబరులో లైసెన్సు తీసుకుని జింకలను వేటాడతారట. కారు షెడ్డు దూలానికి చైన్ పుల్లీ, అంటే గొలుసు లాగి బరువు ఎత్తే కప్పీ బిగించి, జింకను వెనక కాళ్లతో వేలాడదీసి, ఒక్కడే నిలబడి తోలు తీస్తున్న వీడియో పంపాడు. అలాంటిదే మా ట్రాక్టరు షెడ్డులో పెట్టించాలని నాకు గట్టిగా ఉంది. జింకకు కాదు, యాటకు. మేం నలుగురు అన్నదమ్ములం దసరాకూ ఊరి పండుగకూ యాట కోసి పోగులు వేసుకుంటాం. ఇన్నాళ్లూ వేపకొమ్మకు తాడు కట్టేవాళ్లం. పోయిన దసరాకు వాన. సగం తోలు తీశాక ముడి జారి యాట బురదలో పడింది. మూడు బిందెల నీళ్లతో కడిగినా తినేటప్పుడు పంటి కింద ఇసుక తగిలింది. పిల్లలు పళ్లెం పక్కన పెట్టేశారు. పెద్దన్న మాత్రం పుల్లీకి డబ్బు దండగ అంటున్నాడు. మీరేమంటారు?

నల్లగొండ మాంసం దుకాణం:
మీ పెద్దన్న మాటే నాదీ. మిషిగన్ జింక 70, 80 కిలోలు తూగుతుంది, అందుకే వాళ్లకు పుల్లీ కావాలి. మీ పొట్టేలు బతికి ఉన్నప్పుడు 40 కిలోలు అనుకోండి. నెత్తురు పోయాక ఎత్తాల్సింది అంతకన్నా తక్కువే. దాన్ని ఇద్దరు మనుషులు ఎత్తి కొక్కానికి తగిలించలేరా? నా దుకాణంలో గోడలో దించిన ఒక ఇనుప పైపు, దానికి నాలుగు కొక్కేలు, అంతే.

మీ యాట పడింది కొమ్మ వల్ల కాదు, ముడి వల్ల. కాళ్ల చుట్టూ తాడు బిగిస్తే, తోలు ఊడగానే కింద కండ నునుపుగా ఉండి తాడు జారుతుంది. వెనక కాలి మడమ పైన, ఎముకకూ వెనక ఉండే లావు నరానికీ మధ్య కత్తి మొనతో సందు చేసి, అందులోంచి కడ్డీ దూర్చాలి. ఆ నరం తెగకుండా ఉంటే యాట కదలదు. రెండు కాళ్లకూ మధ్య జానెడున్నర ఎడం ఉండేలా కడ్డీ వేస్తే పొట్ట తెరవడం కూడా సులువు.

ఆహార గొట్టాన్ని మెడ దగ్గర ముడి వేయడం మరిచిపోవద్దు. ముడి లేకుండా తలకిందులుగా వేలాడదీస్తే పొట్టలోని మేత గొంతులోంచి కారి మాంసమంతా పాడు చేస్తుంది. కార్జానికి అంటుకున్న చేదు తిత్తి పగలకుండా తీయాలి. ఇవన్నీ చేతి పనులు. ఏ యంత్రం పెట్టినా ఇవి తప్పవు.

హాలియా బోరు మెకానిక్:
అన్నా, పని తెలిసినవారు మీరు, కాదనను. కానీ పుల్లీ బరువు ఎత్తడానికే అనుకుంటున్నారు. నాకు దాని విలువ ఎత్తు మార్చుకోవడంలో కనిపిస్తుంది. తొడలు కోసేటప్పుడు యాట కిందికి రావాలి, మెడ దగ్గరికి వచ్చేసరికి పైకి పోవాలి. గొలుసు లాగితే మన ఛాతీ ఎత్తుకు ఎక్కడ కావాలంటే అక్కడ ఆగుతుంది, వదిలినా జారదు. తాడైతే ఒకడు పట్టుకునే ఉండాలి. మీకు దుకాణంలో పదిమంది సాయం ఉంటారు. ఇంట్లో యాభై దాటిన అన్నదమ్ముల నడుముల సంగతి ఆలోచించండి.

అయితే తమ్ముడూ, రేకుల షెడ్డు పైపులకు మాత్రం బిగించవద్దు. అవి రేకులు మోయడానికి వేసినవి. తోలు లాగేటప్పుడు ఇద్దరు మనుషుల బలం కూడా దాని మీదే పడుతుంది. స్లాబులో ఫ్యాను కొక్కెమూ పనికిరాదు. మేం బోరు మోటార్లు తీసే మూడు కాళ్ల స్టాండు మీరు చూసే ఉంటారు. అదే పద్ధతిలో 8 అడుగుల ఎత్తున వెల్డింగు చేయించుకోండి, షెడ్డుతో పని లేదు. అర టన్ను పుల్లీ చాలు. ఎవరి దగ్గరైనా మోటార్లు లాగిన పాత పుల్లీ మాత్రం తెచ్చుకోకండి. గొలుసుకున్న గ్రీజు వేడికి కరిగి చుక్కలుగా మాంసం మీద పడుతుంది. కొత్తదైనా పుల్లీకీ కడ్డీకీ మధ్య రెండు అడుగుల తాడు, ఆ తాడుకు గొడుగులా ఒక స్టీలు పళ్లెం వేసుకోవాలి.

మక్తల్ కంది రైతు:
పుల్లీ సంగతి నాకు తెలియదు. జింక మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. మా వైపు, కృష్ణ, మాగనూరు మండలాల్లో కృష్ణజింకలు మందలుగా దిగుతాయి. మొలక దశలో పంటను కొరికి పోతాయి. రాత్రంతా డబ్బా కొట్టుకుంటూ కాపలా కాసినవాణ్ణి, ఆ నష్టం ఎంతో నాకు తెలుసు. అయినా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద దాన్ని చంపడం, మాంసం దగ్గర పెట్టుకోవడం జైలుకు పంపే నేరం. వాళ్ల వీడియోను ఇక్కడి కుర్రాళ్లకు పంచకండి. నేను ప్రాధేయపడి అడుగుతున్నాను.

వనపర్తి గృహిణి:
అందరూ పైన ఏం కట్టాలో మాట్లాడుతున్నారు, కింద ఏముందో ఎవరూ అడగలేదు. మా ఇంట్లో యాట కోసిన సాయంత్రం నేల కడిగేది నేను. మట్టి నేల మీద పడిన నెత్తురు ఎన్ని నీళ్లు పోసినా పోదు. మూడు రోజులు ఈగలు, రాత్రిళ్లు కుక్కలు. ముందు వాలు ఉన్న గచ్చు, దాని చివర జాలీ వేసిన గుంట, పక్కన నల్లా పెట్టించండి. పుల్లీ తర్వాత చూసుకోవచ్చు. తాండూరు బండలు మాత్రం వేయించకండి, తడిస్తే కాలు నిలవదు. మీ బోరు స్టాండు కాళ్లు కూడా దాని మీద జారతాయి.

హాలియా బోరు మెకానిక్:
అక్క చెప్పింది నిజం. స్టాండు మూడు కాళ్లనూ కింద గొలుసుతో కలిపి కట్టాలి, లేకపోతే విడిపోతాయి. ఇందాక రాయడం మరిచాను.

దేవరకొండ రైతు:
ఇంకొక్క సందేహం. మా బావమరిది జింకను మూడు నాలుగు రోజులు అలాగే వేలాడదీస్తాడట, మాంసం మెత్తబడుతుందని. మేం కనీసం రాత్రంతా ఉంచవచ్చా?

నల్లగొండ మాంసం దుకాణం:
వద్దు. ఆ మాట మనసులోంచి తీసేయండి. అక్కడ నవంబరు చలిలో షెడ్డే ఫ్రిజ్. మాంసం పాడవకుండా అన్ని రోజులు వేలాడాలంటే 0 నుంచి 4 డిగ్రీల మధ్య ఉండాలి. మన దగ్గర దసరా నాటి రాత్రి కూడా 20 డిగ్రీలకు పైనే, ఎండాకాలం పగలైతే 44 డిగ్రీలు. మాంసం 5 డిగ్రీలు దాటిందంటే సూక్ష్మజీవులు వేగంగా పెరగడం మొదలవుతుంది. తెల్లవారుజామున కోసి, ఎండ ఎక్కకముందే పోగులు పంచేయండి. మెత్తగా కావాలనుకుంటే మీ పోగును వేడి తగ్గాక ఫ్రిజ్ కింది అరలో ఒక రోజు ఉంచి వండుకోండి. వేడి మాంసాన్ని నేరుగా మంచు అరలో కుక్కితే కండ ముడుచుకుని గట్టిపడుతుంది.

స్టాండు విషయంలో బోరు తమ్ముడి మాటకు కొంత ఒప్పుకుంటాను. నడుము నాకూ నొస్తుంది. కానీ రెండు పండుగలకు పుల్లీ కొనడం మాత్రం ఇప్పటికీ దండగే అంటాను. స్టాండుకు రెండు ఎత్తుల్లో రెండు కొక్కేలు వెల్డింగు చేయించండి, పని జరుగుతుంది.

దేవరకొండ రైతు:
మొత్తం పెద్దన్నకు చదివి వినిపించాను. కడ్డీ దూర్చే పద్ధతి దగ్గర రెండుసార్లు ఆపి మళ్లీ చదివించుకున్నాడు. గచ్చుకూ గుంటకూ ఖర్చు తానే పెడతానన్నాడు, వదిన పక్కన నిలబడి తలూపింది. స్టాండు నేను చేయిస్తాను. పుల్లీ పెట్టుకునేలా పైన ఒక వలయం వేయించి, ఈ దసరాకు మాత్రం రెండు కొక్కేలతోనే కోస్తాం. బోరు అన్నా, 8 అడుగుల స్టాండుకు పైపు ఎంత మందం తీసుకోవాలి?