ఆయిల్ మార్చాక బుల్లెట్ రాకర్లకి (వాల్వుల్ని నొక్కే మీటలకి) చుక్క ఆయిల్ రావట్లేదు

నాన్నగారి 1986 బుల్లెట్ 350, కాస్ట్ ఐరన్ ఇంజిన్. ఆదివారం నేనే ఆయిల్, ఫెల్ట్ (ఒత్తిన ఉన్ని) ఫిల్టర్ మార్చి 20డబ్ల్యూ50 పోశాను. స్టార్ట్ చేసిన ఐదు నిమిషాలకి హెడ్ దగ్గర టకటకమని చప్పుడు. రాకర్ ఆయిల్ పైపు బాంజో బోల్టు (లోపల్నుంచి ఆయిల్ పోయే బోలు బోల్టు) వదులు చేస్తే పొడిగా ఉంది. ఈ బండికి ఆయిల్ ప్రెషర్ మీటరూ లేదు, లైటూ లేదు. వెంటనే ఆపేశాను. పంపు పోయిందా? ఒకటే టెన్షన్.

జవాబు: ఆపి మంచి పని చేశావు తమ్ముడూ. కొత్త ఫెల్ట్‌ని ఆయిల్‌లో నానబెట్టావా, పొడిదే దూర్చావా? ఆయిల్ వెళ్ళే మార్గమంతా ఖాళీ అయితే గాలి పట్టేస్తుంది. ఆ పంపు వార్మ్ గేరు (స్క్రూ లాంటి గేరు) మీద నత్తలా తిరుగుతుంది, గాలిని నెట్టలేదు. ఫిల్టర్ నానబెట్టి, అది కూర్చునే గూట్లో ఆయిల్ పోసి, స్పార్క్ ప్లగ్ తీసి కిక్ కొట్టు.

మరో జవాబు: ఫిల్టర్ మూత కింద పాత గాస్కెట్ అంటుకుని ఉందేమో చూడు బ్రదర్, పాతదీ కొత్తదీ రెండూ ఉంటే ఆయిల్ కారుతుంది. అయినా ఆయిల్ రాకపోతే టైమింగ్ కవర్ (టైమింగ్ గేర్ల మీది మూత) విప్పి వార్మ్ చూడాలి. దాని నట్టు ఎడమ మర, అంటే మామూలుకి రివర్సులో తిప్పితేనే వదులవుతుంది, జాగ్రత్త.

అడిగినవాడిని: పొడిదే పెట్టానన్నా. సిగ్గేస్తోంది. నానబెట్టి, ప్లగ్ తీసి యాభై కిక్కులు కొట్టాను. బాంజో దగ్గర ముందు నురగ, తర్వాత బుడగల్లేని ఆయిల్. చప్పుడు పోయింది. మోకాలి నొప్పే పోలేదు, ఇంకా పీకుతోంది.