లేబుల్ పెట్టిన అన్న పేరు పాట రాసినవాళ్ళలో ఉండాలా?

మిక్సింగ్ అక్క, ఎంవీపీ కాలనీ:

అందరికీ నమస్తే. వైజాగ్‌లో ఒక చిన్న ర్యాప్ గ్రూపుకి రికార్డింగు, మిక్సింగు చేస్తాను. పాట తయారయ్యాక దాన్ని మ్యూజిక్ యాప్‌లకి పంపే డిస్ట్రిబ్యూటర్ సైట్‌లో ఎక్కించే పని కూడా నాదే. ఈసారి ఆ ఫారం దగ్గరే ఆగిపోయాను. శుక్రవారం రిలీజ్ పెట్టుకున్నాం. పాట రాసినవారు అన్న గడిలో ఎవరి పేర్లు ఉండాలన్నదాని మీద మావాళ్ళు రెండు జట్లయ్యారు.

పాట 2023 నవంబరులో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడిన రాత్రి గురించి. పాడే కుర్రాడిది పెదజాలారిపేట. వాళ్ళ చిన్నాన్న కళాసీగా వెళ్ళే బోటు కూడా ఆ రాత్రి బూడిదైంది. వర్సులు, అంటే చరణాలు, అన్నీ వాడే రాసుకున్నాడు. మొదట తెచ్చినది హైదరాబాద్ కుర్రాళ్ళ ఫ్లోలో, సినిమా తెలుగులో ఉంది. బాగానే ఉంది కానీ ఎవరు పాడినా అలాగే ఉంటుంది. మా లేబుల్, అంటే పాటల కంపెనీ, పెట్టిన అన్న విని, "మీ అమ్మ చేపలు బేరమాడేటప్పుడు ఇలాగే మాట్లాడుతుందేట్రా? ఆవిడ మాట పెట్టు" అన్నాడు. వాడు ఇంటికెళ్ళి హుక్, అదే మళ్ళీ మళ్ళీ వచ్చే పల్లవి, మొత్తం తిరగరాసుకొచ్చాడు, "ఏటైపోనాదిరా మన ఒడ్డు" అంటూ. మొదటి టేక్‌లోనే నాకు ఒళ్ళు జలదరించింది. ఈ పాటకి ప్రాణం ఆ హుకే, దాని కింద మోగే డప్పూ.

ఇప్పుడు అన్న ఏమంటాడంటే, ఆ హుక్ ఆలోచన తనదే కాబట్టి రాసినవాళ్ళలో తన పేరుండాలి, సగం వాటాతో. గది అద్దె, మైకు, మాస్టరింగు, హార్బర్ దగ్గర తీసిన వీడియో, అన్నిటికీ డబ్బు ఆయనదే. అందులో అబద్ధం లేదు. కుర్రాడేమో "ఆయన ఒక్క అక్షరం రాయలేదక్కా" అంటాడు. అదీ నిజమే.

నా అభిప్రాయం దాచను. ర్యాప్ రికార్డుల చరిత్ర మొదలైందే ఈ అన్యాయంతో. 1979లో న్యూజెర్సీలో సిల్వియా రాబిన్సన్ షుగర్ హిల్ రికార్డ్స్ పెట్టి "రాపర్స్ డిలైట్" తీసింది. అందులో బిగ్ బ్యాంక్ హ్యాంక్ పాడిన మాటలు అతనివి కావు. న్యూయార్క్‌లోని బ్రాంక్స్ పేటలో గ్రాండ్‌మాస్టర్ కాజ్ అనే కుర్రాడి నోట్‌బుక్‌లోవి. కాజ్ అంతకుముందు పెట్టుకున్న పేరు కాసనోవా ఫ్లై. హ్యాంక్ ఆ పేరుని కూడా అక్షరం అక్షరం స్పెల్లింగుతో సహా పాడేశాడు! పాటలో సొంతదారు పేరు వినిపిస్తూనే ఉంటుంది, క్రెడిట్స్‌లో మాత్రం లేదు. అదే పాటలో షిక్ బ్యాండ్ వాళ్ళ "గుడ్ టైమ్స్" బేస్‌లైన్ వాడుకున్నందుకు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకెళ్తామని గట్టిగా అడిగి తమ పేర్లు పెట్టించుకున్నారు. అడిగే బలం ఉన్నవాళ్ళకి దక్కింది, బ్రాంక్స్ కుర్రాడికి దక్కలేదు.

అందుకే ఈ గడి నాకు చిన్న విషయంలా అనిపించడం లేదు. మీరు ఏమంటారు? ఫౌండర్‌కి ఎంత, పాడినవాడికి ఎంత?

—

పాత క్యాసెట్లు, కోటవీధి:

అమ్మా, మీ బాధ అర్థమైంది. కానీ సిల్వియా రాబిన్సన్‌ని ఒక్క ముక్కలో తేల్చేస్తే నేను ఒప్పుకోను. ఆవిడ ఊరికే డబ్బు పెట్టిన మనిషి కాదు. తనూ పాడింది, సంగీతం తెలిసినావిడ. 1982లో "ది మెసేజ్" సంగతి చూడండి. పేటలో పేదరికం మీద, నెమ్మదిగా నడిచే పాట. ఆవిడ లేబుల్‌లో ఉన్న గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ గ్రూపువాళ్ళకి అది నచ్చలేదు, జనం డాన్స్ చేయడానికి వస్తే ఈ గోడు ఎవరు వింటారన్నారు. ఆవిడ పట్టు విడవలేదు. ఆ పట్టు లేకపోతే ఆ రికార్డే లేదు. 2002లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ జాతీయ రికార్డింగుల జాబితా మొదలుపెట్టినప్పుడు, మొదటి విడతలోనే చేరిన హిప్-హాప్ పాట అది. ఏ పాట పట్టుకోవాలో తెలియడం కూడా కళే.

రిక్ రూబిన్ ఇంకో రకం. 1984లో న్యూయార్క్ యూనివర్సిటీ హాస్టల్ గదిలో డెఫ్ జామ్ అనే లేబుల్ మొదలుపెట్టాడు, రస్సెల్ సిమన్స్ వచ్చి కలిశాడు. మరుసటేడు ఎల్ఎల్ కూల్ జె అనే రాపర్ మొదటి ఆల్బమ్ మీద తన పేరు పక్కన, నిర్మించాను అని కాకుండా తగ్గించాను అన్న అర్థం వచ్చేలా వేయించుకున్నాడు. నిజంగా చేసిన పని అదే. అనవసరమైనవన్నీ తీసేసి డ్రమ్ము, గొంతు మిగిల్చాడు. తీసేసినవాడికి క్రెడిట్ ఇవ్వకూడదా? మీ అన్న కూడా ఆ కుర్రాడి దగ్గర సినిమా తెలుగు తీసేయించాడు.

మన బుర్రకథలో కథకుడు మధ్యలో, అటూ ఇటూ హాస్య వంత, రాజకీయ వంత. దళం నాజర్ పేరు మీదే నడిచింది. వంతలు లేకపోతే కథ లేదు, అయినా జనానికి గుర్తున్నది ఆయన పేరు. నడిపించే మనిషికి ఒక పెద్దపీట ఉంటుంది. అది అన్నిచోట్లా అన్యాయం అనలేం.

—

గాజువాక బార్స్:

గురువుగారూ, నాజర్ గారు డబ్బు పెట్టి పక్కన కూర్చోలేదు. తంబురా పట్టుకుని ఆడి పాడారు. పోలిక అక్కడే తెగిపోయింది.

"ది మెసేజ్" గురించి మీరు సగమే చెప్పారు. రికార్డు మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ పేరు పెద్దగా ఉంటుంది కానీ ఆ సంగీతంలో ఫ్లాష్ చెయ్యి లేదు. రాసింది ఎక్కువగా డ్యూక్ బూటీ అనే స్టూడియో మ్యుజీషియన్, చివరి వర్స్ గ్రూపులోని మెల్లీ మెల్‌ది. పాడింది కూడా వాళ్ళిద్దరే. వీడియోలో డ్యూక్ బూటీ భాగాలకి గ్రూపులోని రహీమ్ పెదాలు కదిపాడు. టీవీలో చూసిన జనానికి డ్యూక్ బూటీ ముఖమే తెలియదు. అయినా ఒక్క మంచి విషయం, రాసినవాళ్ళ గడిలో అతని అసలు పేరు ఎడ్వర్డ్ ఫ్లెచర్ ఉంది. ముఖం పోయినా ఆ గడి నిలబడింది. అక్కా, ఆ గడి కాపాడండి, మిగతావి ఏమైనా ఇచ్చేయండి.

ఇంకోటి, పాడేవాళ్ళందరూ రాసినవాళ్ళు కారు. ఈజీ-ఈ అనే రాపర్ 1987లో రూత్‌లెస్ అనే లేబుల్ పెట్టాడు, ఫౌండరూ అతనే, పాడిందీ అతనే. కానీ "బాయ్జ్ ఇన్ ద హుడ్" రాసింది ఐస్ క్యూబ్. బీట్ చేసిన డాక్టర్ డ్రే పక్కన ఉండి లైను లైనుగా పాడించాడు. అలాగని ఈజీ-ఈ చేసింది తక్కువా? ఆ గొంతులోని పొగరు ఇంకొకరికి రాదు. గొంతుకి గొంతు క్రెడిట్, రాతకి రాత క్రెడిట్. రెండేళ్ళకే డబ్బు విషయంలో పడక క్యూబ్ వెళ్ళిపోయాడు, వాళ్ళ ఎన్.డబ్ల్యూ.ఏ. గ్రూపు మళ్ళీ అలా లేదు.

—

రాత్రి బీట్లు, మధురవాడ:

మీరంతా ఫౌండరా, పాడినవాడా అని కొట్టుకుంటున్నారు. బీట్, అంటే మాటల కింద నడిచే సంగీతం, చేసినవాడి సంగతి ఏమిటి? న్యూ ఆర్లీన్స్‌లో క్యాష్ మనీ రికార్డ్స్ 1991లో ఇద్దరు అన్నదమ్ములు పెట్టారు. 1998లో యూనివర్సల్ అనే పెద్ద మ్యూజిక్ కంపెనీతో దాదాపు 3 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకున్నారు, మాస్టర్లు, అంటే అసలు రికార్డింగుల హక్కులు, తమ దగ్గరే ఉంచుకున్నారు. ఎంత గొప్ప బేరమో వ్యాపారం తెలిసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. కానీ ఆ లేబుల్‌కి ఒక శబ్దం ఉందంటే అది బీట్లు చేసే మానీ ఫ్రెష్ ఒక్కడి చేతి పని. ఆ రోజుల్లో వాళ్ళ పాటలు దాదాపు అన్నీ అతను చేసినవే. పోస్టర్ మీద మాత్రం ఆ అన్నదమ్ముల్లో ఒకడైన బర్డ్‌మ్యాన్, పాడే లిల్ వేన్ ఉంటారు.

మన దగ్గర 2015లో "మేరే గలీ మే" వచ్చినప్పుడు ముంబై రాపర్లు డివైన్, నేజీ పేర్లు దేశమంతా తెలిశాయి. బీట్ ఢిల్లీ కుర్రాడు సెజ్‌ది. అతను తన బీట్లలోనే పేరు వినిపించేలా ట్యాగ్ పెట్టుకుంటాడు. నేనూ అందుకే పెడతాను. క్రెడిట్స్‌లోంచి పేరు కొట్టేయొచ్చు, ఆడియోలోంచి పీకేయడం కష్టం.

అక్కా, ఆ హుక్ కింద బీట్‌లో వినిపించే డప్పు లైవా, వేరే రికార్డింగులోంచి తీసుకున్న శాంపిలా?

—

ద్వారకానగర్ వకీలు:

చట్టం ఏమంటుందో చెప్తాను. మీ ప్రశ్నకి సగం జవాబు అక్కడే ఉంది.

కాపీరైట్ చట్టం 1957 ప్రకారం సాహిత్యానికి ఆథర్ రాసినవాడు, సంగీతానికి కంపోజర్, సౌండ్ రికార్డింగుకి ప్రొడ్యూసర్. ఇక్కడ ప్రొడ్యూసర్ అంటే రికార్డింగు చేయించే చొరవ, బాధ్యత తీసుకున్న వ్యక్తి. అంటే మీ అన్నకి చట్టంలోనే గౌరవమైన చోటు ఉంది. రికార్డింగు హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్ళు ఉంటుంది. మాటల హక్కు రాసినవాడి జీవితకాలం, ఆపైన 60 ఏళ్ళు.

"యాసలో పెట్టు" అన్న సలహా మాత్రం ఆలోచన. ఆలోచనకి కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ ఆలోచనని మాటల్లో పెట్టినవాడిదే రచన. ఆయన ఒక్క లైను చెప్పి ఉన్నా కథ వేరుగా ఉండేది.

2012 సవరణ తర్వాత ఇంకో రక్షణ వచ్చింది. రాసినవాళ్ళు, ట్యూన్ కట్టినవాళ్ళు కాపీరైట్ రాసిచ్చేసినా, రాయల్టీలో సమాన వాటా హక్కుని వదులుకోలేరు. వారసులకి, కాపీరైట్ సొసైటీకి తప్ప ఇంకెవరికీ ఇవ్వలేరు. దానికి విరుద్ధంగా సంతకం పెట్టించుకున్నా చెల్లదు. అందుకే కొందరు దొడ్డిదారి వెతుకుతారు. రాసినవాళ్ళ గడిలోకే దూరితే ఆ రక్షణలో వాళ్ళూ వాటాదారులైపోతారు కదా. మీ అన్నకి ఆ ఉద్దేశం ఉందని నేననను, కానీ ఆ గడికి అంత విలువ ఎందుకో కుర్రాడికి తెలియాలి. పాటలు రాసినవాళ్ళకి, ట్యూన్ కట్టినవాళ్ళకి రాయల్టీ వసూలు చేసిపెట్టే ఐపీఆర్ఎస్ అనే సొసైటీలో వాణ్ణి సభ్యుడిగా చేర్పించండి.

ఒప్పందం కాగితం మీద, సంతకంతో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్ళు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమే అని చట్టం అనుకుంటుంది. ఇంకో మాట, డప్పు లైవ్‌గా వాయించి ఉంటే ఆయన కూడా చట్టం దృష్టిలో పెర్ఫార్మరే. పేరు చెప్పమని అడిగే హక్కు ఆయనకీ ఉంది.

—

మిక్సింగ్ అక్క, ఎంవీపీ కాలనీ:

అందరికీ థ్యాంక్స్. వకీలు గారూ, మీ మాటలు ప్రింట్ తీసి స్టూడియోలో చదివి వినిపించాను.

కోటవీధి బాబాయ్ గారూ, మీరన్నదాంట్లో ఒకటి నేను పూర్తిగా తీసుకున్నాను. అన్న చెవి లేకపోతే ఆ హుక్ లేదు. ఆ మాట అన్నతో ముఖం మీదే అన్నాను, ఆయన కళ్ళు చెమర్చాయి. ఆయన బాధ డబ్బు గురించి కాదని నాకు అప్పుడు తెలిసింది. ఇన్నేళ్ళుగా ఎవరి పాట ఆడినా ఆయన్ని "ఆ రూమ్ అద్దె కట్టే ఆయన" అనే అంటున్నారట. అందుకని ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఆయన పేరు, రికార్డింగు హక్కు ఎవరిదో చెప్పే, సున్నాలో పీ గుర్తు ఉండే లైనులో ఆయన లేబుల్ పేరు, వీడియో మొదట్లో "ఆలోచన" అని ఆయన పేరు విడిగా పెద్ద అక్షరాల్లో. రికార్డింగు మీద వచ్చే డబ్బులోంచి ముందు ఆయన ఖర్చులు తీసుకుంటారు, తర్వాత చెరిసగం. రాసినవాళ్ళ గడిలో మాత్రం కుర్రాడు, ట్యూన్‌కి బీట్ చేసిన అబ్బాయి, అంతే. అన్న ఇంకా పూర్తిగా సరే అనలేదు, ఆలోచిస్తానన్నాడు. సరే అనకపోతే శుక్రవారం రిలీజ్ ఆపుతాను కానీ ఆ గడి మార్చను. అప్‌లోడ్ చేసేది నా చేత్తోనే కాబట్టి ఈ విషయంలో నేను మొండిగానే ఉంటాను.

మధురవాడ తమ్ముడూ, డప్పు లైవే. కంచరపాలెంలో అమ్మవారి పండగలకి వాయించే పెద్దాయన. స్టూడియోలో హెడ్‌ఫోన్స్ వద్దన్నారు, కుర్రాడు ఎదురుగా నిలబడి పాడితేనే వాయిస్తానన్నారు. అందుకే ఆ టేక్‌లో గొంతు కొంచెం డప్పు మైకులోకి కారింది, దాన్ని నేను కావాలనే ఉంచాను. ఆయన పేరు మొదటి రోజే షీట్‌లో రాసి పెట్టుకున్నాను. నగదు ఇచ్చేశాం కదా, పేరెందుకు అన్నవాళ్ళూ ఉన్నారు. నేను ఒప్పుకోలేదు. ఒక్క ఇబ్బంది, మా డిస్ట్రిబ్యూటర్ ఫారంలో వాయిద్యాల లిస్టులో డప్పు లేదు, పెర్కషన్ అని మాత్రమే ఉంది. దారి ఉంటే చెప్పండి.

—

రాత్రి బీట్లు, మధురవాడ:

నేనూ అక్కడ పెర్కషన్ అనే పెడతాను అక్కా. యూట్యూబ్ డిస్క్రిప్షన్‌లో మాత్రం మొదటి మూడు లైన్లలోనే "డప్పు" అని ఆయన పేరు తెలుగులో రాయండి. అంతకంటే కిందకి వెళ్తే "మోర్" నొక్కితే కానీ కనబడదు.