పిల్లలకు ముందు ఏది నేర్పాలి: ఓపెనింగులా, ఎండ్‌గేములా?

నల్లగడి:
ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లలకు చదరంగం నేర్పేచోట మొదటి నెలలోనే ఇటాలియన్, లండన్ అంటూ ఓపెనింగులు, అంటే ఆట మొదట్లో వేసే పదేసి ఎత్తుల వరుసలు బట్టీ పట్టించడం తప్పని నా గట్టి అభిప్రాయం. అవతలివాడు ఆరో ఎత్తులోనే దారి తప్పిస్తే పిల్లాడు బోర్డు వదిలేసి కోచ్ మొహం చూస్తాడు. ఇది ఎందుకు వేశావంటే "అలాగే వేయాలి" అంటాడు. ఇందులో వ్యూహం ఎక్కడుంది?

ఎండ్‌గేమ్‌తో, అంటే తక్కువ పావులు మిగిలే ఆట చివరి దశతో మొదలుపెట్టండి. రెండు వారాలు బంట్లు మాత్రమే: అటు ఎనిమిది, ఇటు ఎనిమిది, ముందు చివరి వరుస చేరినవాళ్లు గెలిచినట్టు. తర్వాత రాజుల్ని చేర్చి ఈ స్థితి పెట్టండి (గడి పేరులో ఎ నుంచి హెచ్ దాకా అక్షరం నిలువు వరుస, అంకె అడ్డవరుస): తెల్లరాజు ఈ4, తెల్లబంటు ఈ3, నల్లరాజు ఈ6. ఎత్తు నలుపుదైతే తెలుపు గెలుస్తుంది. తెలుపుదైతే డ్రా. అదే బంటును ఈ2లో పెట్టండి. ఇప్పుడు ఎత్తు తెలుపుదైనా గెలుపే. బంటును ఒక్క గడి తోస్తే, పక్కకు తప్పుకోక తప్పని పరిస్థితి నల్లరాజుకు వస్తుంది. ఉన్నవి మూడే పావులు. ఒక ఎత్తు దాచుకోవడమంటే ఏమిటో ఏడేళ్ల పిల్లకి ఇంత తేటగా చూపించే స్థితి ఇంకోటి లేదు. ముందు ముగింపులు చదవండని ప్రపంచ ఛాంపియన్ కాపాబ్లాంకా ఊరికే చెప్పలేదు.

గుంటూరు గుర్రం:
నల్లగడి గారూ, అండర్-7 టోర్నమెంట్లలో ఎండ్‌గేమ్ దాకా వచ్చే ఆటలు ఎన్నండీ? తెల్లబంటు ఈ4కి నల్లబంటు ఈ5, తెల్ల బిషప్ సీ4కి నల్లగుర్రం సీ6, ఆపై తెల్లమంత్రి హెచ్5. మంత్రిని బెదిరించేద్దామని నలుపుతో ఆడే పిల్లాడు రెండో గుర్రాన్ని ఎఫ్6కి దూకిస్తాడు. ఎఫ్7లో చెక్‌మేట్, నాలుగెత్తుల్లో ఆట అయిపోయింది. రెండు రౌండ్లు ఇలా పోతే మూడో రౌండుకు కూర్చోనని ఏడుస్తారు. ముందు బంటు జీ6, మంత్రి ఎఫ్3కి వెళ్తే అప్పుడు గుర్రం ఎఫ్6. ఇంతే కదా! ఇది చెప్పకుండా పంపడం పిల్లలకు అన్యాయం. బట్టీ పట్టడంలో తప్పేముంది? ఎక్కాలు ముందు నోటికి వచ్చాకే కదా లెక్కలు.

నల్లగడి:
జీ6 తప్పకుండా నేర్పండి. కానీ కారణం పిల్లల నోటే చెప్పించండి. మంత్రి ఏ బంట్ల మీద కన్నేసింది? ముఖ్యంగా ఈ5 మీద, ఎఫ్7 మీద. ఈ5కి గుర్రం కాపలా ఉంది, ఎఫ్7కి రాజు తప్ప దిక్కు లేదు, దాని మీద బిషప్ కూడా గురిపెట్టి ఉంది. ఇది బెదిరింపును చదవడం, ఓపెనింగ్ బట్టీ కాదు. ఎక్కాల పోలిక అతకదండీ. ఏడెనిమిదులు ఎప్పుడూ యాభై ఆరే, ఎదుటివాడు దాన్ని మార్చలేడు.

వరంగల్ ఏనుగు:
మీరిద్దరూ మరిచింది ఒకటుంది. గెలిచే ఆటలు పోయేది మంత్రి చేతిలో ఉండగా. నల్లరాజు హెచ్8లో ఒంటరిగా ఉన్నప్పుడు తెల్లమంత్రిని జీ6లోనో ఎఫ్7లోనో పెడితే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకపోయినా కదిలే గడి లేక ఆట డ్రా, అరపాయింటు గోవిందా. రాజును అంచుకు తరిమే వరకే మంత్రి ఎత్తులు. అంచుకు చేరాక, అటూ ఇటూ కదిలేందుకు రెండు గళ్లు వదిలి మంత్రిని ఆపేయాలి, మన రాజును దగ్గరికి నడిపించాలి. దీన్ని పదిసార్లు ఆడించండి.

వ్యూహం కావాలంటే రాయించాలి. పన్నెండో ఎత్తు దగ్గర గడియారం ఆపి, మూడు నిమిషాల్లో స్కోర్‌షీటు (ఎత్తులు రాసుకునే కాగితం) వెనక ఒక్క వాక్యం రాయమనండి. "చెక్‌మేట్ చేస్తా" అని రాస్తే చెల్లదు. "ఏనుగును ఖాళీ అయిన డీ నిలువు వరుసలోకి తెస్తా" అంటే చెల్లుతుంది. ఆట అయ్యాక ఇంజిన్ (చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాం) తెరవకుండా, ఆ వాక్యం ఎక్కడ చెడిందో వెతకాలి. ఇంజిన్ జవాబు చెబుతుంది, పిల్లాడు ఏమనుకుని వేశాడో దానికి తెలియదు. ప్రపంచ ఛాంపియన్‌గా ఎదిగిన గుకేశ్‌ను చిన్నతనంలో కోచ్ విష్ణు ప్రసన్న ఏళ్ల తరబడి ఇంజిన్‌కు దూరంగానే పెంచారు.

కొత్తచూపు:
ఏ పద్ధతైనా లెక్కల్లో మార్కులు పెరుగుతాయిగా? మా కాలనీ అకాడమీల బోర్డుల మీద అదే రాస్తున్నారు.

వరంగల్ ఏనుగు:
ఆ ఆశతో చేర్చకండి. ఇంగ్లండులో 100 పాఠశాలలు తీసుకుని, వాటిలో సగం చోట్ల ఏడాది పాటు సుమారు 30 గంటలు చదరంగం నేర్పి, మరో ఏడాది తర్వాత లెక్కల పరీక్షలో చూశారు. 2016లో వచ్చిన ఆ నివేదికలో, నేర్చుకోని పిల్లలతో పోలిస్తే తేడా ఏమీ కనబడలేదు. చదరంగంలో ఆలోచన చదరంగంలోనే పదునెక్కుతుంది. బయట కూడా పనికిరావాలంటే "నువ్విలా చేస్తే అవతలివాళ్లేం చేస్తారు?" అన్న ప్రశ్నను బోర్డు దాటించి, క్రికెట్ ఫీల్డింగ్ దగ్గరా, పరీక్షల టైంటేబుల్ దగ్గరా పెద్దవాళ్లే అడగాలి.

గుంటూరు గుర్రం:
రాయించడం బాగుంది, ఒప్పుకుంటున్నాను. అయినా టోర్నమెంటు నెల రోజుల్లో ఉందంటే గంట క్లాసులో ఇరవై నిమిషాలు ఓపెనింగ్‌కే ఇస్తాను, అదీ తెలుపుకు ఒకటి, నలుపుకు రెండు. ఆరెత్తులు దాటి నేర్పను. ప్రతి ఎత్తుకూ కారణం చెప్పలేకపోతే ఆ ఎత్తు బోర్డు మీద వేయనివ్వను.