అన్నయ్య పేరున పాసు పుస్తకం ఉంటే ఆడపిల్లలు ఏ దావా వేయాలి?

పల్నాడు ఆడపడుచు:
మా నాన్నగారు 2011లో వీలునామా రాయకుండానే కాలం చేశారు. ఆయన పేరున నాలుగు ఎకరాల మెట్ట ఉంది. అమ్మ, అన్నయ్య, అక్క, నేను వారసులం. మరుసటి ఏడాది అన్నయ్య మా సంతకాలు లేకుండానే భూమి రికార్డులైన అడంగలులోనూ 1-బీలోనూ తన పేరు ఎక్కించుకుని పాసు పుస్తకం తెచ్చుకున్నాడు. అయినా 2019 వరకు సంక్రాంతికి వెళ్లినప్పుడల్లా కౌలు డబ్బులో మీ భాగం అంటూ ఎంతో కొంత చేతిలో పెట్టేవాడు కనుక మేము పట్టించుకోలేదు. 2022లో రోడ్డు పక్క ఎకరం పొరుగు రైతుకు అమ్మేశాడని ఈసీ (రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయిస్తే తెలిసింది. అక్క పెళ్లి 1983లో జరిగింది కనుక ఆమెకు భాగమే లేదని ఇప్పుడు వాదిస్తున్నాడు. ఒక ప్లీడరు గారు అమ్మకం దస్తావేజు రద్దుకు దావా వేయమంటున్నారు, మరొకరు పంపకం దావా చాలంటున్నారు, మా మరిది తహసీల్దారు దగ్గరికి వెళ్లమంటున్నాడు. ఏది సరైన దారి?

విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి:
మీ మరిది మాటలో పస ఉందమ్మా. తక్కిన వారసులకు నోటీసు ఇవ్వకుండా పేరు మార్చారంటే ఆ మ్యుటేషన్ మీద ఆర్డీఓ గారి దగ్గర అప్పీలు, ఆపైన జాయింట్ కలెక్టరు దగ్గర రివిజన్ ఉన్నాయి. కోర్టులో వాయిదాలు నడుస్తుండగా అదే పాసు పుస్తకం చూపించి మిగిలిన మూడు ఎకరాలు కూడా అమ్మేస్తే మీరేం చేస్తారు?

సివిల్ ప్రాక్టీసు:
పెద్దవారితో నేను ఏకీభవించలేకపోతున్నాను. పాసు పుస్తకం హక్కును పుట్టించదు. ఎవరికి ఎంత భాగమో తేల్చే అధికారం రెవెన్యూ వారికి లేదు, పైగా 1971 నాటి పాసు పుస్తకాల చట్టంలోని 8(2) సెక్షనే రికార్డులోని నమోదు వల్ల హక్కుకు భంగం కలిగినవారిని సివిల్ కోర్టుకు వెళ్లమంటుంది. పన్నెండేళ్లు దాటిన మ్యుటేషన్ మీద ఇప్పుడు అప్పీలు వేస్తే ఆలస్యం ఎందుకైందన్న ఒక్క ప్రశ్న మీదే రెండేళ్లు పోతాయి. అమ్మకాల భయానికి మందు అక్కడ లేదు. పంపకం దావాతో పాటే, భూమిని ఎవరికీ అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు కోరాలి. దావా నడుస్తుండగా కొన్నవాడికి తీర్పు వర్తిస్తుందని ఆస్తి బదిలీ చట్టం 52వ సెక్షన్ ఎలాగూ చెబుతోంది.

అక్కగారి విషయం తేలిక. హిందూ వారసత్వ చట్టానికి 1985 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ అప్పటికే పెళ్లయిన ఆడపిల్లలను వదిలేసిన మాట నిజమే, కానీ 2005 సెప్టెంబరు 9న అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ ఆ తేడా ఉంచలేదు. వినీతా శర్మ కేసులో 2020లో సుప్రీంకోర్టు పిత్రార్జితంలో ఆడపిల్లల హక్కు పుట్టుకతోనే వస్తుందని స్పష్టం చేసింది.

జూనియర్ న్యాయవాది:
పంపకం ఒక్కటే కోరితే కొన్నవారు ఊరుకోరు సార్. రిజిస్టరు దస్తావేజు కళ్లెదుట ఉండగా దాని ఊసెత్తకుండా ఎలా? కోర్టు ఫీజు విషయంలో మాత్రం ఉమ్మడి స్వాధీనంలో ఉన్నామని రాస్తే నామమాత్రపు స్థిర రుసుముతో సరిపోతుంది.

సివిల్ ప్రాక్టీసు:
దస్తావేజు రాసిన వ్యక్తే దాన్ని వద్దనుకుంటే రద్దు కోరాలి. అందులో సంతకమే లేని వారసురాలికి అది తనకు వర్తించదని చెప్పుకుంటే చాలు. 2010లో సుహృద్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడానే చూపించింది. రద్దును ప్రధాన కోరికగా పెట్టారంటే ఎదుటివారికి మూడేళ్ల కాలపరిమితి అస్త్రం మీరే అందించినట్టు. ఉమ్మడి ఆస్తి నుంచి తనను బయటపెట్టారని తెలిసిన నాటినుంచి పన్నెండేళ్లు పంపకం దావాకు గడువు ఉంది, 2019 వరకు కౌలు అందింది కనుక అది ఇంకా తీరలేదు. అయితే కొన్న రైతును ప్రతివాదిగా చేర్చడం మరవకూడదు.

ఇక ఫీజు. ఆడపడుచు గారూ, 2019 తర్వాత పొలంలోకి వెళ్లారా?

పల్నాడు ఆడపడుచు:
2020లో ఒకసారి అక్కా నేనూ వెళ్తే, గట్టు మీద కాలు పెడితే మర్యాద దక్కదని అన్నయ్య కౌలుదారు ఎదుటే అన్నాడు. ఆ తర్వాత వెళ్లలేదు.

సివిల్ ప్రాక్టీసు:
ఇదే కీలకం. సహ హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం అందరి స్వాధీనమేనన్న సూత్రం ఉన్నా, బయటకు నెట్టారని మీరే దావాలో రాసుకుంటే కోర్టు ఫీజుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీ భాగపు మార్కెట్ విలువలో నాలుగింట మూడు వంతులు, అంటే ముప్పావు మీద లెక్క కట్టాలి. డబ్బు మిగలడానికి జరిగింది దాచి సంతకం చేయమని సలహా ఇవ్వకండి తమ్ముడూ, విచారణలో ఎదుటివారు ఆ కౌలుదారునే సాక్షిగా తెస్తారు.

జూనియర్ న్యాయవాది:
ఒప్పుకుంటాను. అయినా దస్తావేజు తమకు వర్తించదన్న ప్రకటనను అనుబంధ కోరికగానైనా పెట్టాలన్నది నా అభిప్రాయం.

నల్గొండ రైతు:
దావా పేరు మీద ఇంత చర్చ జరిగింది కానీ దాని తర్వాతి సంగతి ఎవరూ చెప్పలేదు. మా చిన్నాన్న వాళ్లతో కేసులో మాకు ప్రాథమిక డిక్రీ వచ్చినప్పుడు ఊళ్లో స్వీట్లు పంచాం. భాగం ఎంతో కాగితం మీద తేలిందే తప్ప ఏ గట్టు ఎవరిదో తేలలేదని, తుది డిక్రీకి మళ్లీ దరఖాస్తు వేయాలని ఆరేళ్ల తర్వాత కొత్త ప్లీడరు గారు చెబితే గానీ మాకు అర్థం కాలేదు. గడువు దాటలేదని 2009 నాటి సుప్రీంకోర్టు తీర్పు చూపించి ఆయన గట్టెక్కించారు. కోర్టు పంపిన అడ్వకేట్ కమిషనర్, సర్వేయరు వచ్చి రాళ్లు పాతించాకే మా చెక్క మాకు దక్కింది.

పల్నాడు ఆడపడుచు:
అమ్మ ట్రంకు పెట్టెలో 1968 నాటి కొనుగోలు దస్తావేజు దొరికింది, అది రెండు ఎకరాలకే. మిగతా రెండు ఎకరాలు 1952లో పోయిన తాతగారివట. దీనివల్ల ఏమైనా మారుతుందా?

సివిల్ ప్రాక్టీసు:
లెక్కే మారుతుంది. నాన్నగారు కొన్నవి స్వార్జితం కనుక నలుగురికీ తలా అర ఎకరం. తాతగారివి పిత్రార్జితం. అందులో ముందు నాన్నగారికీ ముగ్గురు పిల్లలకూ తలా అర ఎకరం, ఆపైన నాన్నగారి అర ఎకరంలో నలుగురికీ పన్నెండున్నర సెంట్లు చొప్పున వస్తాయి. మొత్తం మీద పిల్లలకు తలా ఎకరం పన్నెండున్నర సెంట్లు, అమ్మగారికి అరవై రెండున్నర సెంట్లు. అన్నగారు అమ్మినది ఆయన భాగానికి లోబడే ఉంది కనుక, ఆ ఎకరాన్ని ఆయన వంతులోనే చూపించి కొన్న రైతును కదల్చకుండా పంచమని కోర్టును కోరవచ్చు. అప్పుడు ఆ రైతు మీకు శత్రువు కాడు. ఈ రెండు రకాల ఆస్తినీ రెండు షెడ్యూళ్లుగా (జాబితాలుగా) విడదీసి ఒకే దావా వేయించండి, అమ్మగారిని కూడా పార్టీగా పెట్టండి.