అప్‌డేట్: బిడ్డకు కరుణ అని పేరు పెట్టొచ్చా అని అడిగిన కదా

పోయిన నెల అడిగిన, బిడ్డకు కరుణ అని పెడ్దామంటే మా నాయనమ్మ వద్దంటున్నది, కరుణరసమంటే ఏడుపే కదా, ఆడపిల్లకు ఏడుపు పేరెందుకు అని. జవాబిచ్చినోళ్లందరికీ చాలా థాంక్స్.

నాయనమ్మ మాటల తప్పు లేదు, నాట్యశాస్త్రంల కరుణరసానికి స్థాయీభావం, అంటే దాని మూలంల ఉండే భావం, శోకమే. కానీ మీల ఒకరు చెప్పినట్టు బౌద్ధుల లెక్క వేరే ఉన్నది, వాళ్ల గ్రంథాల పాళీ భాషల కూడా కరుణ అనే అంటరు, మైత్రి, కరుణ, ముదిత, ఉపేక్ష అని మనసుల పెంచుకోవాల్సిన నాలుగు గుణాలల్ల, అంటే బ్రహ్మవిహారాలల్ల, ఇది రెండోది. 5వ శతాబ్దపు బౌద్ధ పండితుడు బుద్ధఘోషుడు ఏమన్నడంటే ఎదుటోళ్ల బాధకు మంచోళ్ల గుండె కదిలేటట్టు చేసేదే కరుణ అని, ఇంకా దానికి దూరపు శత్రువు హింస, దగ్గరి శత్రువు దుఃఖమట! అంటే దుఃఖం చూడనీకి కరుణ లెక్కనే ఉంటది గానీ అది కరుణ కాదు. ఇది సదివినంక నాకు ఒళ్లు జలదరించింది. మన సాగర్ కాడ నాగార్జునకొండల అన్ని బౌద్ధ భిక్షువుల విహారాలుండె, అక్కడ ఈ కరుణ అనే మాట ఎంతమంది నోట్ల నానిందో.

నాయనమ్మకు ఇదంతా చెప్పలే. మాది నల్గొండ పక్క ఊరు, మా వాడకట్టుల ఫ్లోరైడ్ నీళ్లకు నడుం వంగిపోయిన ముసలామె ఉన్నది, నాయనమ్మ రోజూ పొద్దుగాల ఫిల్టర్ నీళ్ల బిందె ఆమె గడప కాడ పెట్టి, మూతేసి, మీద చెంబు బోర్లించి వస్తది, ఏడ్వదు, ఎవ్వరికీ చెప్పదు. "నువ్వు చేసే పనినే కరుణ అంటరే నాయనమ్మా" అన్న. కొద్దిసేపు ఏమనలే.

ఇరవై ఒకటో రోజు తాంబాళంల బియ్యం పోసి, నా వేలు పట్టుకొని ఆమెనే పేరు రాయించింది.